ఎక్స్‌రే తీయని వేలు: గనుల గణాంకాల రెండో వాల్యూం మీద ఒక గుమాస్తా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా. చావుల పేజీలకు అయిదుకు నాలుగున్నర. గాయాల పేజీలకు ఒకటిన్నర. రెండూ కలిపి సగటు మాత్రం తీయొద్దు.

నేను రాయలసీమలో ఒక సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి పంపే క్వారీలో, మైన్స్ ఆఫీసు గుమాస్తాగా ఇరవై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాను. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను. మస్టర్లు (హాజరు పట్టీలు) రాయడం, పనివాళ్ళ వివరాల ఫారం బి రిజిస్టరు పెట్టడం, బ్లాస్టింగ్ సామాను లెక్క, పై ఆఫీసుకు రిటర్నులు పంపడం, దెబ్బ తగిలినవాడి పేరు ఎక్కడ రాయాలో చూసుకోవడం నా పని. ఎక్కడ రాయకూడదో చూసుకోవడం కూడా నా పనే అని కొన్నాళ్ళకు అర్థమైంది. ఈ మధ్య మా ఊరి యూనియన్ కుర్రాడొకడు వచ్చి, "పెద్దాయనా, గనుల్లో ఎంతమందికి దెబ్బలు తగుల్తాయో గవర్నమెంటు పుస్తకం ఏస్తాదంట గదా, దాన్ని నమ్మొచ్చా?" అని అడిగాడు. వాడికి నోటితో చెప్పింది సరిపోలేదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నా.

పుస్తకం పేరు 'స్టాటిస్టిక్స్ ఆఫ్ మైన్స్ ఇన్ ఇండియా'. వేసేది ధన్‌బాద్‌లో ఉండే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, మనందరి నోట్లో డీజీఎంఎస్. 1902 జనవరిలో కలకత్తాలో మొదలైన ఆఫీసది, తర్వాత ధన్‌బాద్ చేరింది. ఇప్పుడు కేంద్ర కార్మిక శాఖ కింద ఉంది. మొదటి వాల్యూం బొగ్గు, రెండో వాల్యూం బొగ్గు కానివన్నీ. సున్నపురాయి, ఇనుము, మాంగనీసు, ముగ్గురాయి, గ్రానైటు, ఆఖరికి చమురు బావులు కూడా రెండోదాంట్లోకే వస్తాయి. సింగరేణి వాళ్ళకు మొదటిది కావాలి. నాకు తెలిసింది రెండోది, నేను మాట్లాడేది దాని గురించే.

ముందు మంచి మాట. చావుల టేబుళ్ళు నిజంగా బాగుంటాయి. ఖనిజం వారీగా ఉంటాయి, రాష్ట్రం వారీగా ఉంటాయి, అండర్‌గ్రౌండా, ఓపెన్‌కాస్టా, పైన షెడ్లలోనా అని చోటు వారీగా ఉంటాయి, కారణం వారీగా ఉంటాయి. కారణాలకు కోడ్ నంబర్లతో పెద్ద తలలు తొమ్మిది: నేల, రాయి కూలడం, షాఫ్టులో (గని బావిలో) మనుషుల్ని, సామాన్ని దించి ఎక్కించే వైండింగ్, రవాణా యంత్రాలు, మిగతా యంత్రాలు, పేలుడు సామాను, కరెంటు, గ్యాసు–దుమ్ము, మనిషి గానీ వస్తువు గానీ పడటం, ఇతరాలు. రవాణా యంత్రాల కింద మళ్ళీ డంపర్లు వేరు, కన్వేయర్లు వేరు. క్వారీలో పనిచేసినవాడు ఆ వరసల మీద వేలు పెట్టి చదువుకుంటూ పోతే, ప్రతి వరస దగ్గరా ఒక ముఖం గుర్తొస్తుంది.

నాకు గుర్తొచ్చే ముఖం టిప్పరు వరస దగ్గర. మిట్టమధ్యాహ్నం, క్వారీ రెండో బెంచి (తవ్విన మెట్టు) మీద, నీడ అనేది ఎక్కడా లేదు. మనిషి సద్ది తిని టిప్పరు వెనక చక్రాల పక్కన తలగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. డ్రైవరు వచ్చి ఎక్కి రివర్స్ తీశాడు. వెనక చూసి చెప్పే హెల్పరు అన్నానికి పోయాడు. సంపుటం వచ్చాక తెరిచి చూశాను. సున్నపురాయి, ఆంధ్రప్రదేశ్, ఓపెన్‌కాస్ట్, టిప్పర్లు. ఆ గడిలో ఉన్న అంకెలో ఒకటి మావాడు. ముందురోజు రాత్రి షిఫ్టు చేసి, మనిషి రాలేదని పగలు కూడా ఆగాడన్న ముక్క ఆ గడిలో పట్టదు. అయినా మనిషి లెక్కలోకి వచ్చాడు. అది చిన్న సంగతి కాదు.

ఎందుకు వచ్చాడంటే, చావును దాచడం కష్టం. 1952 గనుల చట్టం (నేను పనిచేసినన్నాళ్ళూ అమల్లో ఉన్నది; ఇక్కడ చట్టం, సెక్షను అన్నచోటల్లా అదే) 23వ సెక్షను ప్రకారం ప్రాణం పోయినా, తీవ్ర గాయమైనా యజమాని, ఏజెంటు, మేనేజరు వెంటనే కబురు చెయ్యాలి. నేను చేరిన కొత్తల్లో టెలిగ్రాం, తర్వాత ఫోను. ఇరవైనాలుగు గంటల్లో ఫారం ఫోర్-ఏ పోవాలి. వారంలోపల ఫోర్-బి. దెబ్బ తగిలినవాడు తిరిగి డ్యూటీకి వచ్చాక పదిహేను రోజుల్లో ఫోర్-సి. ఆస్పత్రిలో ఉన్నవాడు తర్వాత పోతే, తెలిసిన ఇరవైనాలుగు గంటల్లో మళ్ళీ కబురు. ప్రమాదం జరిగిన చోటును ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా కదిలించకూడదు. మనిషిని కాపాడటానికో, శవాన్ని తీయడానికో, ఇంకో ప్రమాదం ఆపడానికో అయితే తప్ప. ఇన్‌స్పెక్టరు 72 గంటల్లో రాకపోతే పని తిరిగి మొదలుపెట్టుకోవచ్చు. ఇవి కాక పోలీసు, పోస్ట్‌మార్టం, నష్టపరిహారం కేసు, ఊరి జనం గేటు ముందు కూర్చోవడం. ఇన్ని కాగితాలు ఇన్ని దిక్కుల నుంచి కదులుతాయి కాబట్టి ఒకటి మింగినా ఇంకోటి బయటపెడుతుంది. అందుకే ఆ నాలుగున్నర.

మరి ఆ అర మార్కు ఎందుకు కోశానంటే, రెండు కాలాలున్నాయి. ఒకటి ప్రాణాంతక ప్రమాదాల సంఖ్య, ఒకటి చనిపోయినవాళ్ళ సంఖ్య. పేపర్లవాళ్ళు సగం మంది దీన్ని దానిగా, దాన్ని దీనిగా రాస్తారు. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ బొగ్గు గనిలో నీళ్ళు చొరబడి పదిహేడు మంది పోయారు. మొదటి కాలంలో అది ఒకటి, రెండో కాలంలో పదిహేడు. 1975 చాస్‌నాలా బొగ్గు గని కూడా అంతే, 375 మందికి ఒక్క ప్రమాదం. పది మంది, అంతకు మించి పోతే దానికి 'డిజాస్టర్' అని వేరే పేరు, నాలుగు నుంచి తొమ్మిది దాకా 'మేజర్'. ఒక్కొక్కరుగా పోయేవాళ్ళకు పేరేమీ లేదు. క్వారీల్లో పోయేవాళ్ళలో ఎక్కువమంది ఒక్కొక్కరుగానే పోతారు.

ఇంక రేటు సంగతి. ప్రతి వెయ్యి మందికి ఎంత, ప్రతి మూడు లక్షల మ్యాన్‌షిఫ్టులకు (ఒక మనిషి ఒక షిఫ్టు చేస్తే ఒకటి) ఎంత అని ఇస్తారు. బొగ్గుకైతే మిలియన్ టన్నులకు ఎంత అని కూడా. మూడు లక్షలేంటని మా మేనేజరే ఒకసారి నన్నడిగాడు. వెయ్యి మంది, ఏడాదికి మూడొందల రోజులు, గుణించుకోండి. పెద్ద గనికి ఇది బాగానే ఉంటుంది. మాది నూటఇరవై మంది క్వారీ. ఏడాదికి 36,000 షిఫ్టులు. మూడు లక్షలు నిండాలంటే ఎనిమిదేళ్ళు దాటాలి. ఒక మనిషి పోయిన ఏడు మా రేటు ఎనిమిది పైచిలుకు, ఆ ముందు ఏడేళ్ళు సున్నా. సున్నా ఉన్న ఏడు మేం గొప్పవాళ్ళం కాదు, ఎనిమిది ఉన్న ఏడు రాక్షసులమూ కాదు. ఒక్క క్వారీకి రేటు కట్టి ఫ్లెక్సీ వేసుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. టన్నుల లెక్క ఇంకా చిత్రం. పెద్ద యంత్రం దిగితే అదే మనుషులతో టన్నులు రెట్టింపవుతాయి, రేటు సగానికి పడిపోతుంది. మనుషులు మాత్రం అంతమందే పోతుండొచ్చు.

ఇప్పుడు ఒకటిన్నర దగ్గరికి వద్దాం.

ఆ 1952 చట్టంలో గాయానికి మెట్లుండేవి. తీవ్ర శారీరక గాయం అంటే అవయవం గానీ, దాని వాడకం గానీ శాశ్వతంగా పోవడం, చూపు, వినికిడి దెబ్బతినడం, ఎముక విరగడం. చేతివేలు, కాలివేలి ఎముక విరిగినా అందులోకే వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. దాని కింది మెట్టు 'రిపోర్టబుల్': 72 గంటలు, అంతకు మించి పనికి రాలేని గాయం. ఈ చట్టానికి 72 అంటే ఎందుకో మహా ఇష్టం. దాని కింద, ఇరవైనాలుగు గంటలు దాటి పనికి రాలేకపోతే రిజిస్టరులో ఎక్కించాలి. ఆ ఎంట్రీల నకలు జూన్ 30, డిసెంబరు 31 తర్వాత పద్నాలుగు రోజుల్లో పైకి పోవాలి.

చూడటానికి ఎంత పద్ధతిగా ఉంది! మొత్తం ఒక్క మాట మీద నిలబడింది: 'పనికి రాలేకపోవడం'. మనిషికి ఏమైందని కాదు, మస్టర్‌లో ఏముందని. మస్టర్ రాసేది నేను.

2006 ఎండాకాలం. మెయింటెనెన్సు షెడ్డులో టిప్పరు వెనక డోరు లాక్ పడక కాంట్రాక్టరు హెల్పరు చెయ్యి పెట్టి సర్దుతున్నాడు. ఇరవైరెండేళ్ళ పిల్లాడు. డోరు పడింది. కుడిచేతి చూపుడువేలు, మొదటి కణుపు. గోరు లేచిపోయి, వేలు కందిన వంకాయ రంగుకొచ్చింది. ఫస్ట్ ఎయిడ్ గదిలో కంపౌండరు కట్టు కడుతూ, "ఇరిగినట్టే ఉండాది సార్, నంద్యాలకు పంపి ఎక్స్‌రే తీపిద్దాం" అన్నాడు.

పైనుంచి ఫోనొచ్చింది. ఎవరు చేశారన్నది వదిలేయండి. "ఎక్స్‌రే ఎందుకు, వాపే గదా, తగ్గుతుంది. పిల్లాణ్ణి ఇంటికి పంపొద్దు. ఆఫీసులో కూర్చోబెట్టుకో."

నేను ఆ ఫోను పెట్టేసి రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నా. తర్వాత కుర్చీ వేయించా. నాలుగు రోజులు ఆ పిల్లాడు నా టేబుల్ పక్కన ఫ్యాను కింద కూర్చున్నాడు. చెయ్యి పైకెత్తిపెట్టుకుని, గోడమీద క్యాలెండరు చూస్తూ. మధ్యలో ఎడమచేత్తో నాకు టీ తెచ్చిపెట్టేవాడు. మస్టర్‌లో నాలుగు రోజులూ 'పి'. హాజరు. లైట్ డ్యూటీ అంటారు దాన్ని. పనికి వచ్చాడు కాబట్టి 72 గంటలు లేవు, ఇరవైనాలుగూ లేవు. ఎక్స్‌రే లేదు కాబట్టి విరిగిన ఎముక లేదు, విరిగిన ఎముక లేదు కాబట్టి తీవ్ర గాయం లేదు. రిజిస్టరులో గీత కూడా పడలేదు.

మూడోరోజు అడిగాడు, "సార్, నాది యాడన్నా రాసినారా?"

"మస్టర్‌లో రాసినాలే. కూలి వస్తాది."

"అది గాదు సార్. దెబ్బది."

నేను ఫైలు వెతుకుతున్నట్టు వంగాను.

మా గేటు దగ్గర పచ్చరంగు రేకు బోర్డు ఉండేది: ప్రమాదం లేని రోజులు. కింద మూడు కొక్కేలకు అంకెల పలకలు. రోజూ పొద్దున వాటిని మార్చేది కూడా నేనే. ఆ పిల్లాడి వేలు నలిగిన రోజు 211 ఉంది. మర్నాడు 212 వేలాడదీశాను. అతను లోపలికొస్తూ ఆ పలక వంక, నా వంక చూసి, కట్టున్న చేత్తోనే దణ్ణం పెట్టి పోయాడు.

ఇది మా ఒక్క క్వారీ గోల అనుకునేవాళ్ళు పుస్తకం తెరిచి, బొగ్గు కాని గనుల దగ్గర మరణాల టేబులు పక్కన తీవ్ర గాయాల టేబులు పెట్టి చూడండి. కొన్ని ఏళ్ళలో ప్రాణాంతక ప్రమాదాలూ, తీవ్ర గాయాల ప్రమాదాలూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. ఎక్కడైనా జరిగే పనేనా? క్వారీలో ఒక నెల కూర్చున్నవాడికి తెలుసు, ఒక మనిషి పోయేలోపల ఎన్ని వేళ్ళు నలుగుతాయో, ఎన్ని మడమలు బెణుకుతాయో, ఎన్ని కళ్ళలో రాతిపొడి పడుతుందో. వేలి ఎముక విరిగినా తీవ్ర గాయమేనని చట్టం చెప్తుంటే, ఆ కాలం చావుల కాలానికి ఎన్నో రెట్లుండాలి. లేదంటే మనిషి బండకింద పడితే చస్తాడు గానీ దెబ్బ తగలదనుకోవాలి. ఆ టేబులు గాయాలను కొలవడంలేదు. ఎన్ని ఆఫీసుల్లో ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా లేక కబురు బయటికి పోయిందో కొలుస్తోంది.

దీనికి మందు లేదా అంటే, ఉంది. మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఉంటాడు, సాఫ్ట్‌వేరే. వాణ్ణి అడిగితే అక్కడి గనుల భద్రతా సంస్థ, ఎంషా అంటారు, దాని డేటా తెరిచి వీడియో కాల్‌లో చూపించాడు. 2000 నుంచి ప్రతి గాయమూ ఒక వరస, ఎవరైనా దించుకోవచ్చు. చావైతే గని పావుగంటలో ఫోను చెయ్యాలి. మిగతా వాటికి 7000-1 అనే ఫారం పది పనిదినాల్లో పోవాలి. కాంట్రాక్టరుకు వేరే నంబరు, అతనూ పంపాలి. రేటు రెండు లక్షల గంటలకు కడతారు, అంటే నూరుమంది ఏడాది పని. ఇవన్నీ సరే. నన్ను ఆపింది ఒక్క గడి. గాయం ఎంతటిదో చెప్పే కోడ్లలో 'పనికి రాని రోజులు' ఒకటైతే, దాని పక్కనే 'పనికి వచ్చాడు గానీ తన పని చెయ్యలేకపోయిన రోజులు' అని ఇంకోటి. లైట్ డ్యూటీకి గడి ఉంది! ఫస్ట్ ఎయిడ్‌ను మించి వైద్యం పడితే ఒక్కరోజు మానకపోయినా రాయాల్సిందే. అక్కడ ఏడాదికి మరణాలు కొన్ని పదులు, గాయాలు వేలల్లో. నాకు తెలిసిన గని లోకం అలాగే ఉంటుంది. అక్కడ దాచేవాళ్ళు లేరని కాదు. దాచాలంటే కుర్చీ ఒక్కటే చాలదు.

వాడు పక్కనే ఒక వరస చదివి వినిపించాడు. ఏదో క్వారీలో ట్రక్కు డోరుకూ బాడీకీ మధ్య వేలు ఇరుక్కోవడం గురించి రెండు వాక్యాలు. మనిషి పేరు లేదు. "ఏం మామా, అట్లా అయిపోయినావు?" అన్నాడు. ఏం లేదురా అన్నాను.

మన పుస్తకంలో ఇంకో లోటు, ఇది పుస్తకం తప్పు కాదు, చట్టం గీసిన గీత. బనగానపల్లె, బేతంచెర్ల వైపు రోడ్డు పొడవునా నాపరాయి తవ్వకాలు చూసే ఉంటారు. అటు తాండూరులోనూ అంతే. 1952 చట్టం మూడో సెక్షను ఏం చెప్పేదంటే, కంకర, మొరం, ఇసుక, బిల్డింగు రాయి, సున్నపురాయి లాంటివి తవ్వే చోట లోతు ఎక్కడా ఆరు మీటర్లు దాటకపోతే, ఏ రోజూ యాభై మందికి మించి లేకపోతే, పేలుడు సామాను వాడకపోతే, కొన్ని సెక్షన్లు తప్ప మిగతా చట్టం అక్కడ వర్తించదని. ప్రమాదం కబురు చేయాలన్న 23 ఆ మిగిలే కొన్నిటిలో లేదు. అంటే అలాంటి చోట రాయి మీదపడి మనిషి పోతే అతను పోలీసు లెక్కలో ఉండేవాడు, ఈ పుస్తకంలో ఉండేవాడు కాదు. అయిదున్నర మీటర్ల ఎత్తు నుంచి పడ్డ రాయికి ఆ అర మీటరు తేడా తెలుస్తుందా? ఇంక అనుమతే లేని తవ్వకాల సంగతి వేరే చెప్పాలా. 2018 డిసెంబరులో మేఘాలయలో జైంతియా కొండల్లో ఎలుకబొరియ గనిలోకి నీళ్ళొచ్చి పదిహేను మంది చిక్కుకుంటే దేశమంతా టీవీలో చూసింది. అలాంటి గని నుంచి రిటర్ను పంపే మేనేజరూ ఉండడు, గుమాస్తా అసలే ఉండడు.

రేటు లెక్కలో హారం కూడా చూసుకోవాలి. గాయాల అంకె ప్రమాదం కబురు నుంచి వస్తుంది, పనిచేసినవాళ్ళ అంకె రిటర్ను నుంచి వస్తుంది. రెండూ వేర్వేరు దారులు. కాంట్రాక్టు కూలీ కూడా గనిలో ఉద్యోగి కిందికే వస్తాడని చట్టం స్పష్టంగానే అనేది, మేనేజరుకు తెలిసి లోపల పనిచేస్తే చాలు. కానీ మస్టర్‌లోకి రాకుండా లోడింగు చేసి పోయేవాళ్ళు బతికున్నంతకాలం హారంలో ఉండరు. పోయిన రోజు మాత్రం లవంలోకి వస్తారు.

సిలికోసిస్ గురించి వెతికేవాళ్ళు ప్రమాదాల టేబుళ్ళలో వెతకొద్దు. అది జబ్బు కింద, 25వ సెక్షను కింద, వేరే నోటీసు. డ్రిల్లింగు మీద పాతికేళ్ళు చేసి దగ్గుతూ ఇంటికి పోయినవాడు అప్పటికి ఏ గని మస్టర్‌లోనూ ఉండడు. దాని మీద వేరే రాయాలి, ఇక్కడ కాదు.

బాధ్యత ఎవరిదో చెప్పే లెక్క కూడా ఉంటుంది విచారణల తర్వాత: యాజమాన్యం, సూపర్‌వైజరు, తోటి పనివాడు, పోయినవాడు. ఎవరి మీదా తేలకపోతే 'మిస్‌అడ్వెంచర్'. మా ఫోర్‌మన్ దాన్ని 'దేవుని ఖాతా' అనేవాడు. ఆ వరసలు తీరిగ్గా చదవండి.

ఇప్పుడు చట్టం పేరు కూడా మారింది. 2020లో పార్లమెంటు పాస్ చేసిన వృత్తి భద్రతా కోడ్‌లో గనుల చట్టాన్ని కలిపేశారు, అది 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. రిటర్నులు ఆన్‌లైన్‌లోకి రావడం నా చివరి ఏళ్ళలోనే మొదలైంది. కార్బన్ పేపర్లు మూడు పెట్టి నొక్కి రాసిన వేళ్ళకు అదొక వరం, కాదనను. కానీ కంప్యూటరు అడిగేది కూడా మస్టర్‌లో ఏముందనే. గడి పాతదే అయితే తెర కొత్తదైనా ఒకటే.

కుర్రాడికి చెప్పిందే ఇక్కడా చెప్తా. పుస్తకాన్ని పారేయొద్దు. చావుల కోసమైతే ధైర్యంగా వాడుకో, కారణం టేబులు ముందు చూడు, పదేళ్ళవి ఒకచోట పెట్టి చూడు, ఒక్క ఏడాదిది చూసి ఎగరొద్దు. గాయాల టేబులు చూపించి 'గనులు బాగుపడ్డాయి' అనేవాడు వస్తే, మీ ఆస్పత్రి ఓపీ రిజిస్టరు తెమ్మను. ఇంకోటి: పాత చట్టం 23వ సెక్షనులోనే ఉండేది, ప్రమాదం నోటీసు నకలు ఒకటి ప్రత్యేకమైన బోర్డు మీద, యూనియన్ వాళ్ళు చూసే చోట, పద్నాలుగు రోజులు ఉంచాలని. మీ గనిలో ఆ బోర్డు ఎక్కడుందో అడుగు. పచ్చరేకు బోర్డు చూపిస్తారు. అది కాదు, ఇంకోటి అని చెప్పు.

ఆ హెల్పరు ఇప్పుడు ఊళ్ళోనే ఆటో తోలుతున్నాడు. చూపుడువేలు మొదటి కణుపు వంగదు, హారన్ బొటనవేలితో కొడతాడు. నన్నెక్కించుకుంటే డబ్బులు తీసుకోడు. నేను సీటు మీద పెట్టి దిగిపోతా.